ఢిల్లీలో మ్యూజియంలు, కోటలు: దేనికి పూట ఇవ్వాలి, దేనికి గంట చాలు

ఢిల్లీ ప్రయాణానికి తేదీలు పెట్టుకునేవాళ్ళు ముందుగా సోమవారం ఎక్కడ పడుతోందో చూసుకోండి. ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, ప్రధానమంత్రి సంగ్రహాలయ, రైల్ మ్యూజియం, గాంధీ స్మృతి, అన్నీ ఆ రోజు మూతే. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి మాత్రం తెరిచే ఉంటాయి. మేం సోమవారాన్ని ఆ రెండిటికీ అట్టేపెట్టి, మిగతావి అటూ ఇటూ సర్దుకున్నాం. వెళ్ళింది ఫిబ్రవరి చివర్లో. పొగమంచు పోయింది, ఎండ ఇంకా ముదరలేదు.

‘ఒక్క రోజులో ఢిల్లీ దర్శనం’ అని తిప్పే బస్సులున్నాయి, చవక కూడా. కానీ నేను బోర్డు కనబడితే చివరి అక్షరం దాకా చదివే రకం, మావారు చెట్టు నీడ కనబడితే చతికిలబడే రకం. బస్సువాడి ఈల మా ఇద్దరికీ పడదు. పొద్దున ఒక మ్యూజియం, సాయంత్రం ఒక కట్టడం, అంతకు మించి పెట్టుకోవద్దని ఇంట్లోనే ఒప్పందం చేసుకుని బయల్దేరాం.

బస సంగతి. మొదట కరోల్ బాగ్‌లో ఒక హోటల్ బుక్ చేశాం. ఫోటోలో పెద్ద కిటికీ, తెల్ల కర్టెన్లు. తీరా కర్టెన్ తీస్తే చెయ్యి చాపితే అందేంత దూరంలో పక్క బిల్డింగు గోడ. వేణ్ణీళ్ళు రావాలంటే రిసెప్షన్‌కి ఫోన్ చెయ్యాలి, ఆ ఫోను ఎవరూ ఎత్తరు. మర్నాడే ఖాళీ చేసి లాజ్‌పత్ నగర్‌లో ఒక గెస్ట్ హౌస్‌కి మారాం. గది చిన్నదే, శుభ్రంగా ఉంది. అసలు లాభం మెట్రో. వయొలెట్ లైన్ ఎక్కితే ఖాన్ మార్కెట్, సెంట్రల్ సెక్రటేరియట్, జామా మసీద్, లాల్ ఖిలా, చూడాల్సినవి చాలావరకు వరసగా ఆ దారిలోనే తగులుతాయి. పాతబస్తీ సందడి కావాలంటే పహాడ్‌గంజ్ వైపు వెళ్ళండి గానీ, రాత్రి నిద్ర కావాలంటే దక్షిణ ఢిల్లీలో దిగడమే మేలు.

నేషనల్ మ్యూజియంకి పూట సరిపోదు. బ్యాగులు కింద లాకర్లో పెట్టించుకుంటారు, నీళ్ళు తాగేసి లోపలికి వెళ్ళండి. అందరూ హరప్పా గ్యాలరీకే పరిగెడతారు, మేమూ అంతే. మొహెంజొదారోలో 1926లో దొరికిన కంచు నర్తకి అక్కడే ఉంది. పాఠ్యపుస్తకాల్లో చూసి చూసి అదేదో నిలువెత్తు విగ్రహమనుకుంటాం. ఎత్తు పదిన్నర సెంటీమీటర్లు! అద్దానికి ముక్కు ఆనించి చూస్తే తెలుస్తుంది ఆ పిల్ల ధీమా. ఒక చెయ్యి నడుం మీద, గడ్డం కాస్త పైకి. ఎడమ చేతికి భుజం దాకా గాజులే, మన లంబాడీ అవ్వల చేతుల్లా. కుడి చేతికి మాత్రం నాలుగు. రెండో చేతికి ఎందుకు అన్ని వేసుకోలేదని మావారి సందేహం. పని చేసుకోవద్దా అన్నాను.

మనవాళ్ళు తప్పకుండా ఆగాల్సింది నాగార్జునకొండ శిల్పాల దగ్గర. ఇక్ష్వాకుల కాలం, క్రీస్తుశకం మూడో శతాబ్దం, లేతాకుపచ్చ ఛాయ సున్నపురాయి. సాగర్ డ్యామ్ కింద ఆ లోయ మునిగిపోక ముందు తవ్వి తీసిన సంపదలోది. బుద్ధుడి కథల్లోని ఆ గుంపుల్లో ఒక్క మొహం ఇంకో మొహంలా ఉండదు. ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వాలో దొరికిన బుద్ధుడి ధాతువులకు, అంటే అస్థికలకు, విడిగా గది ఉంది, థాయ్‌లాండ్ వాళ్ళిచ్చిన బంగారు పూత మంటపంలో. లైటింగ్ విషయంలో మాత్రం పెదవి విరుస్తాను. కొన్ని గదుల్లో బొమ్మ కంటే అద్దంలో మన నీడే బాగా కనబడుతుంది.

అక్కణ్ణుంచి భోజనానికి అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్. ఈ సలహా ఇవ్వని తెలుగువాడు ఉండడు, నేనూ ఇస్తున్నాను. టోకెన్ తీసుకుని క్యూలో నిలబడాలి, ఒంటిగంట దాటితే ఆ క్యూ చూసి ఆకలి ఇంకా పెరుగుతుంది. లోపల కందిపొడి, నెయ్యి, మారు అడక్కుండానే అన్నం. “ఇంకొంచెం వెయ్యమంటారా అమ్మా” అని తెలుగులో అడుగుతుంటే, నాలుగు రోజులుగా హిందీతో తంటాలు పడుతున్న మావారు పెరుగన్నం రెండోసారి కలిపారు.

ఎర్రకోట సంగతి నిర్మొహమాటంగా చెబుతాను. షాజహాన్ 1639లో మొదలుపెట్టిన ఆ గోడల్ని బయట నుంచి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. లోపలికి వెళ్ళాక నీరసం వస్తుంది. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిషువాళ్ళు లోపలి మహళ్ళు చాలా భాగం కూలగొట్టి సైనికుల బ్యారక్‌లు కట్టేశారు. చక్రవర్తి ఆంతరంగిక దర్బారు దివాన్-ఎ-ఖాస్ పాలరాతి స్తంభాల్ని తాడు కట్టి దూరం నుంచే చూపిస్తారు, కాలవల్లో నీళ్ళు లేవు. అయితే ఆ బ్యారక్‌లలోనే 2019లో తెరిచిన మ్యూజియంలు బాగున్నాయి, ముఖ్యంగా నేతాజీ, ఆజాద్ హింద్ ఫౌజ్‌ది. ఆ సైనికాధికారుల్ని 1945లో విచారించింది ఈ కోటలోనే కాబట్టి అక్కడ నిలబడి చదవడంలో ఒక బరువుంటుంది. సెక్యూరిటీ దగ్గర ఆడవాళ్ళ లైను వేరు, చిన్నది. నేను లోపల నిలబడి మావారి కోసం చాలాసేపు ఎదురుచూశాను.

ప్రధానమంత్రి సంగ్రహాలయ తీన్ మూర్తి ఆవరణలో ఉంది, 2022లో తెరిచారు. ఒక్కో ప్రధానికీ విడిగా చోటు. పి.వి. నరసింహారావు దగ్గర సహజంగానే ఎక్కువసేపు ఆగాం, 1991లో అప్పు కోసం దేశం బంగారం తాకట్టు పెట్టిన కథ మా తరానికి కళ్ళముందు జరిగిందే. మీకిష్టమైన ప్రధానితో నడుస్తున్నట్టు ఫోటో లాంటివి ఉన్నాయి, వాటికి వేరే టికెట్టు. పిల్లలుంటే సరే, మేం వదిలేశాం.

గాంధీ స్మృతికి గంట చాలు, కానీ ఆ గంట తప్పనిసరి. చివరి 144 రోజులు గాంధీ ఉన్న ఇల్లది. టికెట్టు లేదు. గదిలో పరుపు, చిన్న బల్ల, కర్ర. అక్కణ్ణుంచి తోటలోకి, 1948 జనవరి 30న ఆయన నడిచిన దారి పొడుగునా అడుగులు పోతపోసి పెట్టారు. అక్కడ గైడ్లు వెంటపడరు, ఎవరూ గట్టిగా మాట్లాడరు.

ఇక మా సోమవారం. పొద్దున కుతుబ్ మినార్, 72.5 మీటర్లు. పైకి ఎక్కనివ్వరు, 1981లో మెట్ల మీద తొక్కిసలాట జరిగినప్పటి నుంచి మూసేశారు. మెట్రో స్టేషన్‌కి కుతుబ్ పేరే ఉన్నా అక్కణ్ణుంచి ఆటో కావాలి, బేరం ఎక్కకముందే తేల్చుకోండి. మినార్ కంటే ఇనుప స్తంభమే నన్ను నిలబెట్టేసింది. పదహారు వందల ఏళ్ళుగా ఎండకీ వానకీ నిలబడి తుప్పు పట్టలేదు. ఇనుములో భాస్వరం పాలు ఎక్కువుండటంతో పైన పొర ఏర్పడి కాపాడుతోందట. ఇదివరకు జనం వీపు ఆనించి వెనక్కి చేతులు కలిపి కోరికలు కోరుకునేవారు. ఆ రాపిడికీ చెమటకీ పాడవుతోందని 1997లో కంచె వేశారు. చేతులు అందినంత ఎత్తున ఆ మెరుగు ఇప్పటికీ తెలుస్తుంది.

సాయంత్రం హుమాయూన్ సమాధి. ఢిల్లీలో ఒక్కటే చూసే వీలుంటే ఇదే చూడమంటాను. పుస్తకాల గది మెట్ల మీంచి పడి 1556లో పోయిన రాజుకి భార్య కట్టించింది, తాజ్‌మహల్‌కి సుమారు అరవై ఏళ్ళు ముందు. ఎర్రరాయి, పైన తెల్ల గుమ్మటం, నాలుగు వైపులా చార్‌బాగ్, అంటే నాలుగు భాగాలుగా విడదీసిన తోట. 1857లో ఆఖరి మొగలు బహదూర్ షా జఫర్ దొరికిపోయింది కూడా ఇక్కడే. గేటు దాటగానే కుడిపక్క ఈసా ఖాన్ సమాధి ఉంది, అందరూ దాటేస్తారు, మీరు దాటకండి. టికెట్టుకి గేటు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫోన్లో కట్టొచ్చు. అక్కడ నెట్‌వర్క్ మొండికేస్తుంది, కాస్త ముందే తీసుకోండి. భూగర్భంలో 2024లో తెరిచిన మ్యూజియానికి వేరే టికెట్టు. మావారికి గడ్డి మీద చోటు దొరికింది కాబట్టి నేనొక్కదాన్నే తీరిగ్గా చూసొచ్చాను.

తిరుగు ప్రయాణానికి ఒక సదుపాయం చాలామందికి తెలీదు. న్యూఢిల్లీ, శివాజీ స్టేడియం ఎయిర్‌పోర్ట్ మెట్రో స్టేషన్లలోనే కొన్ని విమానాలకు లగేజీ చెక్-ఇన్ చేస్తారు. సూట్‌కేసులు అక్కడ అప్పజెప్పి, చేతులూపుకుంటూ కన్నాట్ ప్లేస్ పక్కనే ఉన్న అగ్రసేన్ కీ బావలీ అనే పాత మెట్ల బావి చూసొచ్చాం. మీ ఎయిర్‌లైన్స్‌కి ఆ వీలుందో లేదో ముందురోజే కనుక్కోండి, విమానానికి బాగా ముందే కౌంటర్ మూసేస్తారు.