జాగ్రత్త: థియేటర్ కోర్సుకి డబ్బు కట్టే ముందు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చే ముందు ఇది చదవండి

నాటకాల్లో పని నేర్చుకుందామని ఊళ్ల నుంచి హైదరాబాద్ వస్తున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొత్త బ్యాచ్‌కి అడ్మిషన్లు మొదలయ్యాయని మొన్న నా ఫోన్‌కి, నేను డబ్బు కట్టి మోసపోయిన నాటక శిక్షణ సంస్థ ప్రకటన మళ్లీ వచ్చింది. పోయినసారి నేను చూసిన ఫొటోలే, అవే మాటలు. ఎవరో ఒకరు ఈపాటికి అమ్మానాన్నల్ని డబ్బు అడుగుతూ ఉంటారని గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. నా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. పద్ధతి మాత్రం పూర్తిగా రాస్తాను. పేరు మార్చుకుని వచ్చినా పద్ధతిని బట్టి మీరు గుర్తుపట్టగలరు.

నాది తెనాలి దగ్గర పల్లె. మా నాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. పరిషత్తు నాటక పోటీలు జరిగితే నన్ను వెంట తీసుకెళ్లేవారు. సైడ్ వింగ్‌లో కూర్చుని నాటికలు చూస్తూ పెరిగాను. నటన కంటే నాకు లైటింగ్ మీదే ఇష్టం. ఒకసారి తల్లి పాత్ర చనిపోయే సీన్‌లో డిమ్మర్ దగ్గరున్న ఆయన లైటు కొంచెం కొంచెంగా తగ్గిస్తుంటే హాల్లో ఒక్కరు కూడా కదల్లేదు. ఆ రోజే ఆ పని నేర్చుకోవాలని అనుకున్నాను. డిగ్రీ అయ్యాక కృష్ణానగర్‌లో నలుగురం కలిసి రూము తీసుకున్నాం. వచ్చిన రెండో వారంలోనే ఈ సంస్థ కనిపించింది.

ఫోన్ చేస్తే మొదట 'ఆడిషన్' అన్నారు. వెళ్తే రెండు నిమిషాలు డైలాగ్ చెప్పించుకుని, బయట కూర్చోబెట్టి, అరగంట తర్వాత 'సెలెక్ట్ అయ్యారు' అన్నారు. ఆ రోజు వచ్చిన అందరూ సెలెక్ట్ అయ్యారని నాకు తర్వాత తెలిసింది. కోర్సు 60,000, రేపటిలోగా కడితే 48,000 అన్నారు. మూడు నెలల్లో నటన, వాచికం (డైలాగ్ పలకడం), మేకప్, లైటింగ్ అన్నీ నేర్పిస్తారట. చివర్లో రవీంద్రభారతిలో ప్రదర్శన. తర్వాత వాళ్ల రెపర్టరీలో, అంటే వాళ్లే నడిపే నాటక బృందంలో, నెలకి 15,000 జీతం. గోడ నిండా పెద్దపెద్ద నటుల పక్కన ఆ సంస్థ సార్ నిలబడ్డ ఫొటోలు ఉన్నాయి. ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ చీటీ పాడి డబ్బు పంపింది.

ఇక్కడ నేను చేసిన మొదటి తప్పు రసీదు సరిగ్గా చదవకపోవడం. అందులో 'కోర్సు ఫీజు' అని లేదు, 'సభ్యత్వ విరాళం' అని ఉంది. అప్పట్లో అదేదో మర్యాద మాట అనుకున్నాను. డబ్బు వెనక్కి అడిగిన రోజు తెలిసింది, 'విరాళం ఇచ్చారు, విరాళం తిరిగివ్వం' అన్నారు. మీరు ఎక్కడ కట్టినా సరే, ఏ పని కోసం, ఎన్ని నెలలకి, ఎంత అనేది రసీదు మీద స్పష్టంగా రాయించుకోండి. రాయడానికి ఇష్టపడకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

రెండో తప్పు దానికంటే పెద్దది. 'వెరిఫికేషన్ కోసం' అని పదో తరగతి, ఇంటర్, డిగ్రీ ఒరిజినల్స్ తీసుకున్నారు. వారంలో ఇస్తామన్నారు, ఇవ్వలేదు. దయచేసి ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: నాటకం నేర్చుకోవడానికి ఎవరికీ మీ ఒరిజినల్ మెమోలు అక్కర్లేదు. జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ చూపించి జేబులో పెట్టుకోండి.

ఇక క్లాసులు. డెమో రోజు అద్భుతంగా మాట్లాడిన సార్ మొత్తం మూడు నెలల్లో మాకు రెండు రోజులు కనిపించారు. మిగతా రోజులు పాత బ్యాచ్ కుర్రాడు వచ్చి చెప్పేవాడు. అతనికీ జీతం లేదు, పాపం. అతని సర్టిఫికెట్లూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. సాయంత్రం బ్యాచ్‌ని, పొద్దుటి బ్యాచ్‌ని కలిపేసి ముప్ఫై మందిని ఒక గదిలో కూర్చోబెట్టేవారు. లైటింగ్ క్లాస్ కోసం నేను ఎంత ఎదురుచూశానో చెప్పలేను. అది ఒకే ఒక్క రోజు జరిగింది, గోడ మీద ప్రొజెక్టర్‌తో బొమ్మలు చూపించారు. ఒక్క స్పాట్ లైటు పట్టుకోలేదు, ఒక్క డిమ్మర్ తిప్పలేదు.

మధ్యమధ్యలో డబ్బు మాత్రం అడుగుతూనే ఉన్నారు. కాస్ట్యూమ్స్‌కి 3,500. పోర్ట్‌ఫోలియో ఫొటోలకి 6,000, అవి లేకపోతే సినిమా వాళ్లకి పంపడం కుదరదన్నారు. ప్రదర్శనకి ఒక్కొక్కరు 200 రూపాయల టికెట్లు 25 అమ్మాలి, అమ్మలేకపోతే ఆ 5,000 మనమే కట్టాలి. హైదరాబాద్‌లో నాకు తెలిసినవాళ్లు ముగ్గురు. మొత్తం కలిపి 62,500 అయింది.

ప్రదర్శన సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది పడిపోయేది ఈ మాట దగ్గరే. రవీంద్రభారతి అంటే మనవాళ్లకి గుడి లాంటిది. 1961లో, రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరంలో మొదలైన హాలు అది. ఊళ్లో నాటకం వేసే ప్రతివాడూ జీవితంలో ఒక్కసారైనా ఆ స్టేజ్ ఎక్కాలనుకుంటాడు. ఆ పేరు వాడితే చాలు, మనం ఇంకేమీ అడగమని వాళ్లకి తెలుసు. ప్రదర్శనకి పది రోజుల ముందు, పైన లైట్లు ఎక్కడ కట్టుకోవాలో చూద్దామని నేను లక్డీకాపూల్‌లో దిగి నడుచుకుంటూ వెళ్లాను. ఆఫీసులో తేదీ చెప్పి అడిగితే, ఆ రోజు వేరే కార్యక్రమం ఉందని, మా సంస్థ పేరు మీద బుకింగ్ ఏదీ లేదని చెప్పారు. వచ్చి సార్‌ని అడిగితే 'మినీ హాల్ అయ్యుంటుంది' అన్నారు. అదీ లేదని చెప్తే కోప్పడ్డారు, 'నీకు నాటకం కావాలా, ఎంక్వైరీలు కావాలా' అని.

చివరికి ఊరి చివర ఒక స్కూల్ సభా మందిరంలో, మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకి వేశాం. చూసింది మా అమ్మానాన్నలే, మా వాళ్లే. నాన్న తెనాలి నుంచి రైలెక్కి ఇస్త్రీ చేసిన పంచె కట్టుకుని వచ్చారు. లోపలికి రాగానే ఆయన అలవాటుగా స్టేజ్ పైకి చూశారు. నాలుగు ట్యూబ్‌లైట్లు, రెండు ఫ్యాన్లు. "లైట్లేవిరా?" అని అడిగారు. నేను సమాధానం చెప్పలేకపోయాను. నాటకం అయ్యాక ఆయన ఏమీ అనలేదు. అమ్మ మాత్రం బాగా చేశావని అంది. తిరిగి రైలెక్కించి వచ్చేటప్పుడు నేను పడ్డ బాధ మీరెవరూ పడకూడదు.

కాబట్టి హాల్ పేరు చెప్పి డబ్బు అడిగితే, బుకింగ్ రసీదు చూపించమనండి. చూపించకపోతే మీరే ఆ హాల్ ఆఫీసుకి వెళ్లి తేదీ చెప్పి అడగండి. రవీంద్రభారతి అయినా, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ అయినా, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం అయినా, సిటీ బస్సులో వెళ్లొచ్చే దూరమే. అరపూట పని. నేను కట్టకముందే ఆ అరపూట తిరిగి ఉంటే అమ్మ చీటీ డబ్బు మిగిలేది.

రెపర్టరీ ఉద్యోగం గురించి. కోర్సు అయ్యాక ఆరుగురిని తీసుకున్నారు, నేనూ ఒకణ్ణి. కంపెనీల ఫంక్షన్లకి, పెళ్లిళ్లకి సెట్లు మోయడం, రాత్రి రెండింటికి వ్యాన్‌లో ఎక్కించడం, తెల్లారి దించడం. సెట్టు మోయడం చిన్నతనం అని నేను అనడం లేదు. నాటకంలో ఫ్లాట్లు (సెట్టులో గోడల్లా నిలబెట్టే ఫ్రేములు) మోయని లైట్ మ్యాన్ ఎవరూ ఉండరు. కానీ ఆ రెండు నెలల్లో ఒక్క నాటకం లేదు. నెల జీతం అన్నది రోజుకి 500 అయింది, ఆ 500 కూడా 'తర్వాత' అయింది. మానేస్తానంటే, బాండ్ ప్రకారం 30,000 కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. నేను సంతకం పెట్టిన కాగితాల్లో ఎక్కడో ఆ బాండ్ ఉంది, దాని కాపీ నాకివ్వలేదు.

మా బ్యాచ్‌లో ఒక చెల్లెలు ఉండేది. పాత్ర పెద్దదవుతుంది, స్పెషల్ రిహార్సల్ అని ఆమెను ఒక్కదాన్నే రాత్రి తొమ్మిది తర్వాత ఫ్లాట్‌కి రమ్మన్నారు. ఆమె వెళ్లలేదు, మర్నాడే మానేసింది, డబ్బు వదులుకుంది. ఆమె సరైన పని చేసింది. అమ్మాయిలూ, రిహార్సల్ అంటే నలుగురూ ఉండే చోట జరిగేది. ఒంటరిగా రమ్మంటే అది రిహార్సల్ కాదు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం మీకూ వర్తిస్తుంది. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు.

నేను ఏం చేశానంటే, మొదట 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడాను. రసీదులు, ఫోన్‌పే చెల్లింపుల స్క్రీన్‌షాట్లు, జీతం గురించి వాళ్లు వాట్సాప్‌లో రాసిన మెసేజ్‌లు అన్నీ పెట్టాను. విరాళం అని వాదించారు కానీ, వాళ్ల మెసేజ్‌లోనే 'కోర్సు ఫీజు' అని రాసి ఉంది. సర్టిఫికెట్ల కోసం పోలీస్ స్టేషన్‌లో అర్జీ రాసిచ్చాను. అక్కడి నుంచి ఫోన్ వెళ్లిన మూడో రోజు నా ఒరిజినల్స్ ఇచ్చేశారు. డబ్బులో 15,000 తిరిగొచ్చింది. మిగతాదాని కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. 5 లక్షల లోపు మొత్తానికి అక్కడ ఫీజు లేదు, లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు, మనం ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. గడువు మాత్రం రెండేళ్లు. సిగ్గుపడి ఊరుకుని ఆ రెండేళ్లు పోగొట్టుకోకండి.

ఇప్పుడు మీరు అడుగుతారు, మరి ఎక్కడికి వెళ్లాలి అని. నేను ఇప్పుడు ఒక నాటక సమాజంలో ఉన్నాను. నా దగ్గర పైసా తీసుకోలేదు. నాకు పైసా ఇవ్వరు కూడా, రిహార్సల్ రోజు టిఫిన్, ప్రదర్శన రోజు ఆటో ఖర్చు. బ్యాంకులో పనిచేసేవారు, ఆర్టీసీలో రిటైరైనవారు, టీచర్లు సాయంత్రం ఏడింటికి వచ్చి పదింటి దాకా రిహార్సల్ చేస్తారు. మొదటి నెలంతా నేను గది ఊడ్చాను, ప్రాంప్టింగ్ చెప్పాను, అంటే నటులకి డైలాగులు అందించాను. రెండో నెల ఒక పెద్దాయన నా చేత్తో డిమ్మర్ పట్టించారు. పగలు మొబైల్ షాపులో పని చేసుకుంటున్నాను. తెలుగు నాటకంలో బతుకుతెరువు ఇంకా ఇలాగే ఉంది, ఎక్కువమంది వేరే ఉద్యోగం చేసుకుంటూనే నాటకం ఆడుతున్నారు. అందుకే మూడు నెలల కోర్సు తర్వాత నెల జీతం అని ఎవరైనా అంటే, ఆ జీతం ఇప్పుడు ఎవరికి ఇస్తున్నారో వాళ్లతో మాట్లాడించమనండి.

లింగంపల్లి స్టేషన్ వైపు సురభి కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటక సమాజం వాళ్లది. ఒకసారి వాళ్ల ప్రదర్శన చూడండి. తీగల మీద మనుషులు గాల్లోకి లేవడం, ఒక తెర వెనక ఇంకో తెర లేవడం, అవన్నీ చేసేవాళ్లు అక్కడే పుట్టి, అక్కడే పాకి, అక్కడే నడక నేర్చినవాళ్లు. అది చూశాక మూడు నెలల్లో 'అన్నీ' నేర్పిస్తామన్న మాట ఎంత బరువుందో మీకే అర్థమవుతుంది.

పద్ధతిగా చదువుకోవాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ ఉంది. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సు ఉంది, అక్కడ విద్యార్థులకి వాళ్లే స్టైపెండ్ ఇస్తారు. ఇప్పటికే కొన్నేళ్లుగా గురువు దగ్గర నేర్చుకుంటున్నవాళ్లు 18 నుంచి 25 ఏళ్ల లోపు ఉంటే, కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకి ఇచ్చే స్కాలర్‌షిప్ చూడండి, నెలకి 5,000 చొప్పున రెండేళ్లు. ఇవేవీ తెలియకపోయినా ఫర్వాలేదు, బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదికకి వెళ్లి నాటకం చూడండి. అయ్యాక సెట్టు సర్దుతున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, ఒక చెయ్యి వేసి, పని ఉంటే చెప్పమని అడగండి. నాకు ఇప్పటి సమాజం దొరికింది అలాగే.

నాతో పాటు రెపర్టరీలో ఉన్న మిత్రుడి ఇంటర్ మెమో, డిగ్రీ మెమో ఇంకా వాళ్ల బీరువాలోనే ఉన్నాయి. అతనికి వచ్చే నెల ఉద్యోగంలో సర్టిఫికెట్ల పరిశీలన ఉంది. సోమవారం పొద్దున పదింటికి ఇద్దరం కలిసి స్టేషన్‌కి వెళ్తున్నాం. ఇలాగే ఒరిజినల్స్ ఇచ్చి ఇరుక్కున్నవాళ్లు ఎవరైనా ఉంటే రసీదు, మెసేజ్‌ల ప్రింట్లు, ఒక తెల్లకాగితం మీద రాసిన అర్జీ పట్టుకుని మీ దగ్గరి స్టేషన్‌కి వెళ్లండి. ఒక్కరే వెళ్లకుండా ఇంట్లో పెద్దవాళ్లనో, తోటి బ్యాచ్ వాళ్లనో వెంట తీసుకెళ్లండి. అర్జీ అందినట్టు రసీదు అడిగి తీసుకోండి.