అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్: బీపీ తగ్గించే రెండు దారులు
రెండూ రక్తనాళాలను వదులు చేసేవే, పనిచేసే చోటే వేరు. అమ్లోడిపిన్ నాళాల గోడల్లోని కండరంలోకి కాల్షియం వెళ్లకుండా అడ్డుకుంటుంది; కాల్షియం అందకపోతే కండరం గట్టిగా బిగుసుకోలేదు. టెల్మిసార్టాన్ అయితే, నాళాలను బిగించే యాంజియోటెన్సిన్ హార్మోన్‌ను పని చేయనివ్వదు.

అమ్లోడిపిన్‌తో కొందరికి సాయంత్రానికి చీలమండలు వాచి చెప్పులు బిగుతవుతాయి. కిడ్నీలు పాడయ్యాయేమోనని టెన్షన్ పడి మాత్ర మానేస్తారు. దయచేసి అలా మానకండి, డాక్టర్‌కు చూపించండి. టెల్మిసార్టాన్‌తో ఈ వాపు అరుదు. షుగర్ ఉండి మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్లకు ఇదే మేలు, కిడ్నీలనూ కాపాడుతుంది. కాకపోతే పొటాషియం పెరగొచ్చు, రక్తపరీక్షలు తప్పవు. గర్భిణులు మాత్రం దీన్ని వాడకూడదు, కడుపులో బిడ్డకు ప్రమాదం.

ఒక్కటే చాలనప్పుడు డాక్టర్లు రెండూ కలిపి ఇస్తారు. అప్పుడు కాళ్ల వాపు కూడా కొంత తగ్గుతుంది.