అణు విద్యుత్ కేంద్రం వర్కింగ్ మోడల్ కిట్: కొనండి, కానీ పంపు వైరు మార్చాకే పిల్లలకి చూపించండి

వైజాగ్ ద్వారకానగర్‌లో సైన్స్ సామాన్లు అమ్మే ఒక షాపులో ఈ కిట్ రూ.1,450కి తీసుకున్నాను. గాజువాకలో పదో తరగతి, ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ ట్యూషన్ చెప్తుంటాను. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్లతో ఆరు రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన గురించి పేపర్లో వార్త పడినప్పుడల్లా "మాస్టారూ, అది బాంబులా పేలితే వైజాగ్ ఉంటుందా?" అని అడుగుతారు. బోర్డు మీద బొమ్మ గీస్తే తీరే అనుమానం కాదది.

ముందు బాగున్నది చెప్తాను. రియాక్టర్ అని రాసిన స్టీల్ డబ్బా, లోపల హీటర్, దాన్నుంచి ఒక సన్న గొట్టం, ఎదురుగా రేకు చక్రం, దానికి చిన్న డైనమో. నీళ్ళు మరగడానికి టైం పడుతుంది గానీ ఆవిరి తగిలి చక్రం తిరిగి బల్బు వెలిగేసరికి పిల్లలందరూ బల్ల చుట్టూ మూగేశారు. యురేనియం లోంచి కరెంటు నేరుగా వచ్చేస్తుందనుకునేవాళ్ళు పెద్దవాళ్ళలోనూ చాలామంది ఉన్నారు. యురేనియం-235 కేంద్రకానికి న్యూట్రాన్ తగిలితే అది చీలి, బోలెడు వేడితో పాటు రెండు మూడు కొత్త న్యూట్రాన్లు వస్తాయి, వాటిలో కొన్ని మళ్ళీ వేరే కేంద్రకాలని చీలుస్తాయి, అలా ఆగకుండా వచ్చే వేడితో నీళ్ళు మరిగించి టర్బైన్ తిప్పుతారు. టర్బైన్ నుంచి ఇవతల చూస్తే మన పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ ప్లాంటులో జరిగేదీ ఇదే. ఈ ఒక్క సంగతి కళ్ళారా చూపించినందుకే కిట్‌కి మంచి మార్కులు వేస్తాను.

అట్ట మీద బొమ్మ మాత్రం దారుణం. కూలింగ్ టవర్ లోంచి నల్లటి పొగ వస్తున్నట్టు వేశారు. ఆ టవర్ల పైన కనిపించేది నీటి ఆవిరి, పొగ కాదు. పైగా అవి అణు కేంద్రాలకే ఉంటాయనీ లేదు, సింహాద్రిలో ఉన్నాయి కదా. అదే సముద్రం ఒడ్డునున్న కల్పాక్కం, కూడంకుళంలో సముద్రపు నీళ్ళతోనే చల్లబరుస్తారు, ఆ టవర్లు కనబడవు.

ఇప్పుడు అసలు లోపం. కేంద్రకాల చీలికని అదుపు చేసే కంట్రోల్ రాడ్లకి గుర్తుగా ఒక ప్లాస్టిక్ మీట ఇచ్చారు, కిందికి నొక్కితే హీటర్ ఆగిపోతుంది, బాగానే ఉంది, కానీ అదే స్విచ్‌తో చల్లటి నీళ్ళు తిప్పే పంపు కూడా ఆగిపోతుంది! ఇది చిన్న పొరపాటు కాదండీ. నిజం రియాక్టర్‌లో రాడ్లు దించితే చీలిక ఆగుతుంది, వేడి ఆగదు. చీలగా మిగిలిన ముక్కలు రేడియోధార్మికతతో వేడినిస్తూనే ఉంటాయి, ఆపిన వెంటనే అది మొత్తం వేడిలో 6-7 శాతం దాకా ఉంటుంది. 1,000 మెగావాట్ల కరెంటు ఇచ్చే రియాక్టర్‌లో పుట్టే వేడి దాదాపు 3,000 మెగావాట్లు, అందులో ఆరేడు శాతం అంటే ఎంతో లెక్కేసుకోండి. 2011 మార్చి 11న ఫుకుషిమాలో భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు ఆగాయి, తర్వాత సునామీ నీళ్ళలో డీజిల్ జనరేటర్లు మునిగి చల్లబరచడం కుదరకే ఇంధనం కరిగింది. సముద్రం పక్కన బతికే మన పిల్లలకి తప్పకుండా తెలియాల్సిన విషయం ఇదే, కిట్ దీన్నే తలకిందులుగా నేర్పుతోంది. నేను పంపుకి విడిగా స్విచ్ పెట్టాను. హీటర్ ఆపి, పంపు కూడా ఆపి, డబ్బాలో థర్మామీటర్ పెట్టి చూపిస్తే ఆ వేడి ఎంతసేపటికీ దిగకపోవడం చూసి "అందుకా మాస్టారూ అన్ని జనరేటర్లు" అన్నాడొకడు.

కిట్‌తో ఇచ్చిన తెలుగు పుస్తకంలో ఇంకో తప్పుంది. మోడరేటర్ అనే పదార్థం చీలిక చర్యని తగ్గిస్తుందని రాశారు. అది నెమ్మదింపజేసేది న్యూట్రాన్లని. నెమ్మదిగా వెళ్ళే న్యూట్రాన్ యురేనియం-235ని ఇంకా బాగా చీలుస్తుంది కాబట్టి చర్య సాగడానికే అది పనికొస్తుంది, తగ్గించేవి కంట్రోల్ రాడ్లు. మన దేశంలో ఎక్కువ రియాక్టర్లలో భారజలం (బరువైన రకం హైడ్రోజన్ ఉండే నీళ్ళు) చేసే పని ఇదే, దానివల్లే 0.7 శాతం మాత్రమే యురేనియం-235 ఉండే సహజ యురేనియంతో అవి నడుస్తున్నాయి. బాంబు అనుమానానికి జవాబు కూడా ఇక్కడే ఉంది: కూడంకుళం లాంటి వాటి ఇంధనంలో యురేనియం-235 5 శాతం లోపే, బాంబుకైతే 90 శాతం దాకా కావాలి. బాంబులా పేలదు. చెర్నోబిల్‌లో 1986లో రియాక్టర్‌ని పగలగొట్టింది ఆవిరి పేలుడు, అయినా రేడియోధార్మిక పదార్థం బయటపడి అంత నష్టం చేసింది, అందుకే ఏ ప్రమాదమూ లేదని కూడా పిల్లలకి చెప్పకండి.

ఈ కిట్‌లో రియాక్టర్ డబ్బాలోని ఆవిరే నేరుగా చక్రానికి వెళ్తుంది, తారాపూర్‌లో 1969లో మొదలైన మొదటి రెండు రియాక్టర్ల పద్ధతి అది. మన దేశంలో మిగతా వాటిలో దాదాపు అన్నిట్లో రియాక్టర్ నీళ్ళు వేరు, ఆవిరయ్యే నీళ్ళు వేరు. ఈ తేడా చూపిస్తూ పుస్తకంలో ఒక్క బొమ్మ వేసుంటే సరిపోయేది.

గొట్టం జాయింట్ దగ్గర లీకైతే షాపువాళ్ళు మాట్లాడకుండా మార్చిచ్చారు. ఆవిరికి చెయ్యి కాలుతుంది, పక్కన పెద్దవాళ్ళు ఉండాల్సిందే. అడాప్టర్ కిట్‌తో రాదు, పన్నెండు వోల్టులది విడిగా కొనుక్కోండి.