పాత కంప్యూటర్‌లో తెలుగు స్లైడ్లు: పీపీటీ మేలా, పీడీఎఫ్ మేలా, బొమ్మలు మేలా?

పదిన్నరకు నా ప్రసంగం. పది ఇరవైకి పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే హాల్లోని కంప్యూటర్‌లో ఉన్నది పవర్‌పాయింట్ 2003. నా పీపీటీఎక్స్ ఫైలు తెరుచుకోలేదు. స్లైడ్లు లేకుండానే మాట్లాడి దిగాను.

ఆఫీస్ 2007తో మైక్రోసాఫ్ట్ ఫైలు కట్టే తీరునే మార్చేసింది. పాత పీపీటీ బైనరీ ఫైలు. పీపీటీఎక్స్ అంటే ఎక్స్ఎంఎల్ ముక్కలను జిప్ చేసిన మూట. ఆ మూట విప్పడం పాత ఆఫీసుకు నేర్పే కంపాటిబిలిటీ ప్యాక్‌ను, స్లైడ్లు చూడడానికి ఉచితంగా దొరికే వ్యూయర్‌ను కూడా 2018లో ఆపేశారు. కాబట్టి సర్దుకోవలసింది మనమే.

అందరికీ ముందు తట్టేది సేవ్ యాజ్‌లో 97-2003 రకం ఎంచుకుని పీపీటీగా మార్చడం. మార్చేముందు చెక్ కంపాటిబిలిటీ నొక్కితే ఏమేం పోతాయో చెబుతుంది. స్మార్ట్‌ఆర్ట్ అనే రెడీమేడ్ పటం దిద్దడానికి వీలులేని బొమ్మవుతుంది, ఒక స్లైడు మెల్లగా మరోదానిగా మారే మార్ఫ్ వంటి కొత్త హంగులు పనిచేయవు. ఇవన్నీ భరించవచ్చు. అసలు తంటా తెలుగు అక్షరాలతోనే. కొత్త విండోస్‌లో తెలుగుకు వాడే నిర్మలా యూఐ ఫాంట్ విండోస్ 8తో వచ్చింది; విండోస్ 7లో అది ఉండదు కనుక గౌతమి వంటి వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. అక్షరాల వెడల్పు మారి, ఒక్క వరుసలో ఇమిడిన శీర్షిక రెండు వరుసలకు పాకుతుంది, అడుగు వాక్యం స్లైడు దాటి జారిపోతుంది. విండోస్ ఎక్స్‌పీలో రీజినల్ సెట్టింగుల్లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ గడిలో టిక్ లేకపోతే వత్తులే విడిపోతాయి. ఇక డీటీపీ వాళ్ళు వాడే, యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో కొట్టినదైతే, ఆ ఫాంటు లేనిచోట తెలుగే కనబడదు, అంతా పిచ్చి గీతలు. పీపీటీయే కావాలంటే మొదటినుంచీ గౌతమిలోనే కొట్టడం నయం, అందం సంగతి ఎలా ఉన్నా.

పీడీఎఫ్‌లో ఈ బాధ లేదు, ఫాంటు ఫైలులోనే ఉంటుంది. అడోబ్ రీడర్‌లో కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే తెర నిండుతుంది. యానిమేషన్లు మాత్రం పోతాయి. క్విజ్ స్లైడులో ప్రశ్నతోపాటే జవాబూ ప్రత్యక్షమై పిల్లలు పకపకా నవ్వారు, ఒకసారి. జవాబుకు వేరే స్లైడు చేసుకోవాలి.

నేను స్థిరపడింది మూడో దారిలో. దీన్ని ఎందుకో ఎవరూ చెప్పరు. పవర్‌పాయింట్ 2010 నుంచి సేవ్ యాజ్ జాబితాలో పిక్చర్ ప్రెజెంటేషన్ అని ఒకటి ఉంది. ప్రతి స్లైడునూ ఒక బొమ్మగా మార్చి కొత్త ఫైలులో పెడుతుంది. దాన్ని తెరిచి 97-2003 రకంలో మళ్ళీ సేవ్ చేస్తే, 2003లోనూ వత్తు చెదరకుండా నడుస్తుంది. పీడీఎఫ్‌లాగే యానిమేషన్లు దీనిలోనూ ఉండవు. అవతలివారు ఫైలును దిద్దుకోవాలంటే మాత్రం మామూలు పీపీటీయే పంపాలి.

ఒక ఇబ్బంది ఉంది. బొమ్మలో తప్పు దిద్దలేం. మొన్న తెర మీద ‘ప్రణాళిక’లో ‘ణ’ బదులు ‘న’ కనబడింది. గంటసేపూ అలాగే ఉంది.