మదర్ హౌస్, కోల్‌కతా: గురువారం మాత్రం వెళ్లకండి

ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఎక్కడికెళ్లినా నా కళ్లు ముందు కుళాయి, ఫ్యాన్, బాత్రూమ్ వెతుకుతాయి. మదర్ థెరిసా బతికిన ఇంటినీ అలాగే చూశాను. మొదటి రోజు అసలు చూడనే లేదు లెండి. గురువారం సెలవని తెలియక వెళ్లి, మూసిన గేటు ముందు మావారితో మాటలు పడ్డాను.

ఏజేసీ బోస్ రోడ్డులో 54ఏ నంబరు. గేటు మాత్రం పక్క సందులో ఉంటుంది. టికెట్ లేదు. మధ్యాహ్నం కాసేపు మూసేస్తారు, పొద్దున్నే వెళ్లడం మేలు.

కింద సమాధి. మా ఊళ్లో కాస్త ఉన్నవాళ్ల సమాధికే గ్రానైటు, బంగారు అక్షరాలు ఉంటాయి. ఇక్కడ తెల్లటి సాదా దిమ్మ, దాని మీద బంతిపూల రేకులతో పేర్చిన ఓ మాట, అంతే. 2016లో పునీతురాలిగా ప్రకటించినా దానికి కొత్త సోకులేమీ చేయలేదు. పక్క గదిలో ఆమె అరిగిపోయిన చెప్పులు, సొట్టలు పడిన ఎనామిల్ గిన్నె ఉన్నాయి.

మెట్లెక్కితే ఆమె గది. 1953 నుంచి 1997లో పోయేదాకా పని, నిద్ర అందులోనే. ఇరుకు మంచం, గోడకు ముళ్లకిరీటం. సరిగ్గా కింద వంటిల్లు. ఫ్యాన్ లేదు. కలకత్తా ఉక్కపోతలో, పొయ్యి మీద గదిలో! నాకు ముందు కోపమే వచ్చింది. నిద్ర లేకపోతే మర్నాడు డ్యూటీ ఎలా చేస్తారు? కానీ ఆమె సంస్థ సిస్టర్లు మామూలుగా సన్యాసినులు చేసే మూడు ప్రతిజ్ఞలతో (పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత) పాటు నాలుగోది కూడా చేస్తారు: నిరుపేదలకు మనసారా, ఉచితంగా సేవ చేస్తామని. బస్తీలో లేని ఫ్యాన్ తనకెందుకని మదర్ అనుకుని ఉంటారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. కాళీఘాట్‌లో చావుబతుకుల్లో ఉన్నవాళ్ల కోసం వాళ్లు నడిపే నిర్మల్ హృదయ్‌లో గట్టి నొప్పి మందులు లేవని 1994లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఓ డాక్టరు రాశారు. నర్సుగా ఆ మాట నేను తీసిపారేయలేను. ఫ్యాన్ వద్దనుకోవడం ఆమె ఇష్టం. మంచాన పడ్డ రోగికి ఆ లెక్క వర్తించదు.

దిగుతుంటే కింద ఇద్దరు సిస్టర్లు చీరలు ఉతుకుతున్నారు, ఆ నీలి అంచు తెల్ల చీరలే. కోల్‌కతా దగ్గరి టిటాగఢ్‌లో కుష్ఠు రోగులు నేస్తారు వాటిని. ఒక బకెట్లో సబ్బు, ఇంకో బకెట్లో జాడింపు. చెరో కొసా పట్టుకుని మెలితిప్పి పిండారు. నర్సింగ్ హాస్టల్లో మేమూ అంతే. కాకపోతే మేం వార్డెన్‌ని తిట్టుకుంటూ ఉతికేవాళ్లం, వీళ్లు నవ్వుకుంటున్నారు.

మనవరాలికి ఏదైనా కొందామని మావారు అడిగితే ఓ సిస్టర్ ఆయన చేతిలో చిన్న మెడల్ పెట్టారు. "ఎంతమ్మా?" అని పర్సు తీసేలోపే వెళ్లిపోయారు.

నా మార్కులు ఐదుకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది మెట్లకి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద సమాధి చూసుకుని కూర్చోండి.