గోడలు ముందు, హీట్ పంప్ తర్వాత: ఇంగ్లండ్ ఇంట్లో రెండు చలికాలాల అనుభవం

మాది ఇంగ్లండ్‌లో 1930ల నాటి సెమీ డిటాచ్డ్ ఇల్లు, అంటే ఒక పక్క గోడ పొరుగింటితో కలిసి ఉంటుంది. సోలార్ ప్యానెళ్లు, ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర), హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి లాగి, గ్యాస్ బాయిలర్ బదులు ఇంటిని వెచ్చబరిచే కరెంటు యంత్రం) మూడూ పెట్టించాం. హీట్ పంప్ వచ్చాక రెండు చలికాలాలు గడిచాయి. ఇక్కడ ఇల్లు కొన్న మనవాళ్లు ఎవరు కలిసినా ముందు హీట్ పంప్‌కి ప్రభుత్వం ఇచ్చే 7,500 పౌండ్ల గ్రాంట్ గురించే అడుగుతారు. మా ఇంటిని నిజంగా మార్చింది మాత్రం అది కాదు, గోడల ఇన్సులేషన్.

మా వెనక బెడ్‌రూమ్‌లో బీరువా జరిపితే గోడంతా నల్లటి బూజు ఉండేది. బ్లీచ్ పెట్టి తుడిచేవాళ్లం. రెండు వారాలకు మళ్లీ అదే మచ్చ, అదే చోట. పాపకు నవంబర్‌లో మొదలైన దగ్గు మార్చి దాకా వదిలేది కాదు. రాత్రి పడుకోబోయే ముందు ఆ గోడ మీద చెయ్యి పెడితే ఫ్రిజ్ తలుపు ముట్టుకున్నట్టుండేది.

2023లో గ్రేట్ బ్రిటిష్ ఇన్సులేషన్ స్కీమ్ అనే ప్రభుత్వ పథకం వచ్చింది. ఇంగ్లండ్‌లో ఇంటి ఈపీసీ (ఇల్లు ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో ఏ నుంచి జి దాకా చెప్పే సర్టిఫికెట్) డి నుంచి జి లోపు ఉండి, కౌన్సిల్ టాక్స్ (స్థానిక ఇంటి పన్ను) బ్యాండ్ ఏ నుంచి డి లోపు ఉంటే అప్పట్లో ఆదాయంతో పని లేకుండా అడగగలిగేవాళ్లం. మాది ఈపీసీ డి, బ్యాండ్ సి. ఇంటికి ఒక్క పనికే సాయం అందేది కాబట్టి కావిటీ వాల్ ఇన్సులేషన్, అంటే బయటి గోడలోని రెండు పొరల మధ్య ఖాళీని నింపే పని, ఎంచుకున్నాం. ముందు ఒకాయన వచ్చి గోడకు చిన్న రంధ్రం చేసి, కెమెరా దూర్చి లోపలంతా చూశాడు. ఈ తనిఖీ తప్పనిసరిగా అడిగి చేయించుకోండి. రెండు గోడల మధ్య పాత సిమెంటు ముద్దలు పేరుకుని ఉన్నా, వాన నేరుగా కొట్టే గోడ అయినా, చూడకుండా నింపేస్తే తేమ లోపలికి ఎక్కుతుంది. తర్వాత ఇద్దరు మనుషులు వచ్చి బయటి ఇటుకల మధ్య గీతల్లో రంధ్రాలు వేసి, గొట్టంతో తెల్లటి పూసలు ఊదారు. మధ్యాహ్నానికి అయిపోయింది. ఆ చలికాలం బీరువా వెనక బూజు రాలేదు. తర్వాత రెండేళ్లూ రాలేదు. గోడ లోపలి వైపు వెచ్చబడితే గదిలోని తేమ దాని మీద నీరుగా మారదు, అంతే సంగతి.

ఆ స్కీమ్ గడువు 2026 మార్చితో అయిపోయింది. ఇంటి మొత్తం ఆదాయం ఏడాదికి 36,000 పౌండ్ల లోపు ఉన్నవాళ్లు వార్మ్ హోమ్స్ లోకల్ గ్రాంట్ అనే మరో సాయం గురించి తమ కౌన్సిల్‌ని (స్థానిక పాలక సంస్థని) అడగాలి.

లాఫ్ట్‌లో (పైకప్పు కింది ఖాళీలో) మాత్రం ఇన్సులేషన్ రోల్స్ కొని నేనే పరిచాను. ఇప్పుడు సిఫార్సు చేస్తున్న మందం 270 మిల్లీమీటర్లు, మాకున్నది 100. రెండు తప్పులు చేశాను. మొదటిది డబ్బు విషయం. 2022 ఏప్రిల్ నుంచి 2027 మార్చి దాకా ఇన్సులేషన్ మీద వ్యాట్ సున్నా, కానీ కాంట్రాక్టర్ సరుకు తెచ్చి బిగించినప్పుడే. మనమే కొంటే 20 శాతం కట్టాలి. రెండోది పెద్ద తప్పు. వెచ్చగా ఉంటుందని రోల్స్‌ని కప్పు అంచుల దాకా గట్టిగా కూరేశాను. జనవరిలో టార్చ్ పట్టుకుని పైకెక్కితే కప్పులోంచి దిగిన ప్రతి మేకు కొనకూ ఒక నీటి చుక్క వేలాడుతోంది. గాలి ఆడే దారి మూసేశానని అప్పుడు అర్థమైంది. అంచుల దగ్గర అరచెయ్యి దూరేంత వెనక్కి లాగేస్తే వారంలో ఆరిపోయింది.

ఇక హీట్ పంప్. దీనికి గ్రాంట్ ఇచ్చే బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ 2022లో 5,000 పౌండ్లతో మొదలై, 2023 అక్టోబర్‌లో 7,500 అయింది. మేము అప్లై చేసినప్పుడు ఈపీసీలో లాఫ్ట్, కావిటీ వాల్ సిఫార్సులు మిగిలి ఉండకూడదనే నిబంధన ఉండేది, 2024 మేలో తీసేశారు. ఇప్పుడు అవసరం లేదు కదా అని గోడలు వదిలేయకండి. ఇన్సులేషన్‌కు ముందు ఒక ఇన్‌స్టాలర్ గదులు లెక్కపెట్టుకుని 12 కిలోవాట్ల పంప్ కావాలన్నాడు. పనులయ్యాక ఇంకొకరు ప్రతి గదినీ, కిటికీనీ, రేడియేటర్‌నీ కొలిచి 7 చాలన్నారు. గది గదికీ హీట్ లాస్ (ఎంత వేడి బయటికి పోతోందో) లెక్క చేతికివ్వని వాళ్ల కొటేషన్ చూడనక్కర్లేదు.

గ్రాంట్‌కి మనం ఫారాలు నింపే పని లేదు. ఎంసీఎస్ (ఇలాంటి పరికరాలు బిగించేవాళ్లకిచ్చే నాణ్యతా గుర్తింపు) సర్టిఫికేషన్ ఉన్న ఇన్‌స్టాలరే అప్లై చేస్తాడు, బిల్లులోంచి ఆ మొత్తం తగ్గిస్తాడు. మనకు ఆ స్కీమ్ నడిపే ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ నుంచి ఒప్పుకుంటున్నారా అని ఈమెయిల్ వస్తుంది. మాది స్పామ్‌లో పడి పది రోజులు పోయాయి. మాలాంటి ఎయిర్ సోర్స్ (గాలి నుంచి వేడి తీసే) పంప్‌కిచ్చే గ్రాంట్ వోచర్‌కు గడువు మూడు నెలలే కాబట్టి టెన్షన్ పడ్డాం. నాలుగు రేడియేటర్లు మార్చడంతో కలిపి మా జేబులోంచి పోయింది సుమారు 4,000 పౌండ్లు. వేడినీళ్ల సిలిండర్ కోసం మెట్ల పక్క అల్మరా మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చింది.

అలవాటు పడటానికి నెల పట్టింది. మొదటి డిసెంబర్‌లో మా అత్తగారు వచ్చారు. రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూసి, "ఇది పనిచేస్తోందా బాబూ? గోరువెచ్చగా కూడా లేదు" అన్నారు.

"పనిచేస్తోందత్తయ్యా, గదిలో 20 డిగ్రీలుంది చూడండి."

ఉష్ణోగ్రత మీటర్ చూసి, శాలువా తీసి కుర్చీకి వేశారు. హీట్ పంప్‌తో రేడియేటర్లలో నీళ్లు 40 డిగ్రీల దగ్గరే తిరుగుతాయి, రోజంతా నెమ్మదిగా నడవాలి. బాయిలర్‌లా పొద్దున గంట, సాయంత్రం గంట వేస్తే కరెంటు వృథా.

బిల్లు సంగతి దాచను. మా మీటర్ ప్రకారం ఒక యూనిట్ కరెంటుకు 3.4 యూనిట్ల వేడి వస్తోంది. కానీ ఇక్కడ యూనిట్ కరెంటు ధర గ్యాస్‌కు దాదాపు నాలుగింతలు. కాబట్టి పంప్ ఒక్కదానితో పెద్దగా మిగలలేదు. ఖర్చు తగ్గింది గోడలు, లాఫ్ట్ వల్ల, గ్యాస్ మీటర్ తీయించేయడంతో స్టాండింగ్ ఛార్జ్ (వాడినా వాడకపోయినా రోజూ పడే ఛార్జీ) పోవడం వల్ల, కొంత సోలార్ వల్ల. సోలార్ 2022లో పెట్టించాం, గ్రాంట్ లేదు, వ్యాట్ మినహాయింపు ఒక్కటే. మేము వాడగా మిగిలి గ్రిడ్‌కి వెళ్లే కరెంటుకు స్మార్ట్ ఎక్స్‌పోర్ట్ గ్యారంటీ అనే పథకం కింద కరెంటు కంపెనీ నుంచి డబ్బు వస్తుంది. కంపెనీ కంపెనీకీ రేటు చాలా తేడా, పోల్చి చూసుకుని ఎంచుకోండి. డిసెంబర్‌లో మాత్రం ప్యానెళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు.

ఈ ఏడాది హాల్లో చెక్క నేల కింద ఇన్సులేషన్ వేయించాలి. అక్కడ ఇప్పటికీ సోఫాలో కాళ్లు పైకి పెట్టుకునే కూర్చుంటున్నాం.