ఆయిల్ పాస్టెల్స్‌తో మనసు తేలికపడుతుందా? చాలాకాలం వాడాక నా మాట

నాకు బొమ్మలు వేయడం రాదు. అయినా ఏళ్ల తరబడి ఆయిల్ పాస్టెల్స్ (నూనె, మైనం కలిపి చేసే మెత్తటి రంగు కడ్డీలు) వదల్లేదంటే వాటి మొండితనమే కారణం. మొన లావు, సన్నగీత పడదు. రబ్బరు పెడితే చెరగకపోగా ఇంకా అలుక్కుపోతుంది. దాంతో బొమ్మ బాగా రావాలన్న ఆశ మొదట్లోనే పోతుంది. అదే పెన్సిలైతే ముక్కు వంకర పోయిందని చెరుపుతూ కూర్చుంటాను, కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

కోపం వచ్చినప్పుడు నేను చేసేది ఒకటే. ముందు కాగితమంతా పసుపు పట్టిస్తాను. దాని మీద నలుపు, కింది రంగు కనబడనంత గట్టిగా రుద్దుతాను. చేతి వేడికి పాస్టెల్ మెత్తబడుతుంది, జిడ్డు జిడ్డుగా పొడి రాలుతుంది, మణికట్టు లాగేస్తుంది. అప్పుడు రీఫిల్ అయిపోయిన పెన్నుతో గీకితే నలుపు లేచిపోయి పసుపు గీతలు గీతలుగా బయటికొస్తుంది. ఏం గీకుతున్నానో ఆలోచించను. అంతకుముందు ఎవరికో పంపాలని మనసులో రాసిపెట్టుకున్న ఘాటు మెసేజ్, గీకడం అయ్యేసరికి పంపబుద్ధి కాదు. ఎన్నిసార్లు ఇలా జరిగిందో!

ఆ సంతోషంలో ఇది పనిచేస్తుందని తెలిసినవాళ్లందరికీ చెప్పేదాన్ని. ఇలాంటిదే చెప్పే అధ్యయనం కూడా ఒకటుంది. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్లతో 45 నిమిషాలపాటు బొమ్మలు, మట్టిపని, కొలాజ్ (కాగితం ముక్కలు అతికించి బొమ్మ చేయడం) లాంటివి చేయించింది. ముప్పావు వంతు మందిలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది, అంతకుముందు బొమ్మలు వేసిన అలవాటు ఉన్నా లేకపోయినా. మిగతావాళ్లలో తగ్గలేదని కూడా అదే అధ్యయనం చెప్పింది. ఆ రెండో సంగతి నాన్న పోయాక నా మీదే రుజువైంది.

దుఃఖం లోపల పెట్టుకోకూడదు కదా అని, ఆయన చివరి రోజులు గడిపిన గదినే కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాను. మంచం, సెలైన్ స్టాండు, కిటికీ పరదా. కోపానికి పనిచేసినట్టే పనిచేస్తుందనుకున్నాను. కానీ రుద్దిన కొద్దీ ఆ గది ఇంకా దగ్గరికొచ్చింది. గుండె బరువెక్కి పాస్టెల్ పక్కన పడేసేదాన్ని, రాత్రి కళ్లు మూస్తే మళ్లీ అదే మంచం. కొన్నాళ్లకు డబ్బా తీయాలంటేనే భయం వేసింది.

మళ్లీ ఎలా తీశానంటే, ఒకరోజు ఏమీ తోచక కుండీలోని మొక్క ఆకు ఒకటి ఎదురుగా పెట్టుకుని దాన్నే వేశాను. నడి ఈనె దగ్గర లేత ఆకుపచ్చ, అంచున కొంచెం ఎండిన గోధుమరంగు, పురుగు తిన్న చిల్లు. ఆ చిల్లు చుట్టూ రంగు ముదురుగా ఉండటం అప్పుడే గమనించాను. అది అయ్యేదాకా నాన్న గుర్తు రాలేదు. గుర్తొచ్చాక ఏడుపొచ్చింది, కానీ ఊపిరి ఆడింది. జెన్నిఫర్ డ్రేక్, ఎలెన్ విన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల ప్రయోగాల గురించి తర్వాత చదివాను. బాధనే బొమ్మగా వేసినవాళ్లకంటే, దృష్టి మళ్లించుకోవడానికి వేరేదేదో వేసినవాళ్ల మనసు ఎక్కువ కుదుటపడిందట. అది అప్పటికప్పుడు కలిగే తేడా గురించిన మాటే, నెలల తర్వాత ఎలా ఉంటుందన్నది వేరే ప్రశ్న.

కాబట్టి ఆఫీసు టెన్షన్‌కీ, ఇంట్లో మాటా మాటా అనుకున్నప్పుడూ ఈ నలుపు-పసుపు పద్ధతి ఇప్పటికీ నాకు ఇష్టమే. దుఃఖానికి మాత్రం ఆకులూ గిన్నెలూ వేస్తాను, ఆ గది జోలికి ఇంకా పోను. పైగా ఆ రోజుల్లో నేను కౌన్సెలింగ్‌కి కూడా వెళ్తున్నాను, తలుపు వేసుకుని కూర్చోవడానికి నాకంటూ ఒక గది ఉంది. నేను తేరుకోవడంలో పాస్టెల్స్ వాటా ఎంతో విడదీసి చెప్పలేను. వారాల తరబడి నిద్ర, ఆకలి లేనివాళ్లు మాత్రం వీటిని నమ్ముకుని ఆగకుండా ముందు డాక్టర్ని కలవాలి. డబ్బా ఆ తర్వాత తెరవొచ్చు.